మాక్రో విలువ మధ్యలో మారిపోతోంది, వేరియబుల్ మారట్లేదు. ఎందుకు?

ప్రశ్న:
నా సీ ప్రోగ్రామ్‌లో ఎ = 2, బి = 3 అని రెండు ఇంట్ (పూర్ణాంక) వేరియబుల్స్ ఉన్నాయి. వాటి కింద ఇలా రాశాను:

#డిఫైన్ టోటల్ ఎ + బి
ఇంట్ సమ్ = ఎ + బి;

తర్వాత ఎ = 10 చేసి ప్రింట్ చేస్తే సమ్ 5 గానే ఉంది, టోటల్ మాత్రం 13 చూపిస్తోంది. పైగా టోటల్ * 2 అంటే 26 రావాలి కదా, 16 వస్తోంది. #డిఫైన్‌తో పెట్టిన మాక్రో తన విలువను దాచుకోదా?

జవాబు 1:
దాచుకోదండి, దాచుకోడానికి దానికి మెమరీలో చోటే లేదు. టైపూ లేదు, అడ్రసూ లేదు. కంపైలర్ మీ కోడ్‌ని అర్థం చేసుకోవడం మొదలుపెట్టకముందే, టోటల్ అని కనబడ్డ ప్రతిచోటా ప్రీప్రాసెసర్ ఎ + బి అని దించేస్తుంది. అందుకే ప్రింట్ లైను నడిచేటప్పుడు ఎ ఎంతుంటే అంతే లెక్కలోకి వస్తుంది. సమ్ అలా కాదు, ఆ లైను నడిచినప్పుడే 5 వేసుకుని కూర్చుంది.

16 కూడా ఇందువల్లే. టోటల్ * 2 కాస్తా ఎ + బి * 2 అయింది. ముందు గుణకారం, అంటే 10 + 6. (ఎ + బి) అని బ్రాకెట్లలో పెట్టండి, 26 వస్తుంది.

జీసీసీ కంపైలర్‌కి మైనస్ క్యాపిటల్ ఈ ఆప్షన్ ఇచ్చి చూడండి, ప్రీప్రాసెసర్ పని అయ్యాక కోడ్ ఎలా ఉందో కనబడుతుంది. హెడర్ల సరుకంతా పైన వందల లైన్లుంటుంది, మీ కోడ్ అట్టడుగున ఉంటుంది.

జవాబు 2:
బ్రాకెట్లు అన్నిటినీ కాపాడవు. ఇది చూడండి:

#డిఫైన్ స్క్వేర్(ఎక్స్) ((ఎక్స్) * (ఎక్స్))

దీనికి ఐ++ ఇస్తే ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఐ రెండుసార్లు పెరుగుతుంది. అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్, ఏ జవాబొచ్చినా నమ్మడానికి లేదు. ఇలాంటి పనికి స్టాటిక్ ఇన్‌లైన్ ఫంక్షన్ రాయండి. ఆర్గ్యుమెంట్‌ని ఒక్కసారే లెక్కకడుతుంది, టైపూ చూస్తుంది.

జవాబు 3:
అలాగని మాక్రోలన్నిటినీ కాన్స్ట్ ఇంట్‌గా (విలువ మార్చకూడని ఇంట్‌గా) మార్చేయకండి. సీలో అది స్విచ్ లోపలి కేస్ లేబుల్‌కి పనికిరాదు (సీ++లో పనికొస్తుంది). పూర్ణాంకాలకు ఈనమ్ (పేరు పెట్టిన పూర్ణాంక స్థిరాంకాలు) వాడండి. సీ23 ప్రమాణాన్ని పాటించే కంపైలరైతే కాన్స్ట్‌ఎక్స్‌పర్ (కంపైల్ అయ్యేటప్పుడే విలువ తెలిసే స్థిరాంకం) ఉంది.

#ఇఫ్‌లో (కోడ్‌లో ఓ ముక్కను ఉంచాలా తీసేయాలా అని ప్రీప్రాసెసర్ తేల్చేచోట) మాత్రం మాక్రోనే కావాలి. అక్కడ వేరియబుల్ పేరో ఈనమ్ పేరో రాస్తే ఎర్రర్ రాదు, దాన్ని 0 అనుకుని చప్పుడు కాకుండా ముందుకెళ్తుంది. జీసీసీలో మైనస్ డబ్ల్యూఅన్‌డెఫ్ ఆప్షన్ ఆన్ చేస్తే వార్నింగ్ ఇస్తుంది.

ఇంకోటి, ఫంక్షన్ లోపల #డిఫైన్ చేసినా బ్రేస్ మూసేస్తే పోదు. #అన్‌డెఫ్‌తో రద్దు చేసేదాకా, లేదంటే ఫైల్ చివరిదాకా ఉంటుంది.