మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం4: 16 జీబీ ర్యామ్ సరిపోతుందా, 24 జీబీకి రూ.40,000 అదనంగా పెట్టాలా?

ఫోటో ఎడిటింగ్ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనాలి. ఇప్పుడున్నది 8 జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాప్. లైట్‌రూమ్‌లో 24 మెగాపిక్సెళ్ల రా ఫైళ్లు (కెమెరా నేరుగా ఇచ్చే పెద్ద ఫోటో ఫైళ్లు) తెరిచి, పక్కనే ఫోటోషాప్ నడిపితే చాలు, టాస్క్ మేనేజర్‌లో మెమరీ 95 శాతం దాటుతుంది. బ్రష్‌తో గీసిన గీత కాసేపటికి గానీ తెర మీద కనిపించదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాను, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఆన్ కావడం త్వరగా అవుతోంది తప్ప ఎడిటింగ్‌లో మార్పు లేదు. ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంది, పెంచే దారి లేదు.

13 అంగుళాల ఎం4 ఎయిర్ విడుదల ధర 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీతో రూ.99,900, 24 జీబీ, 512 జీబీ అయితే రూ.1,39,900. స్టోరేజీ గురించి బెంగ లేదు, ఫోటోలన్నీ బయటి ఎస్‌ఎస్‌డీలోనే ఉంచుతాను. ర్యామ్ మాత్రం కొన్నాక పెంచుకోలేం, పైగా గ్రాఫిక్స్ కూడా అదే మెమరీని పంచుకుంటుంది. చిక్కంతా అక్కడే. షోరూమ్‌లో నా ఫైళ్లతో పరీక్షించనివ్వలేదు. నేను చూసిన సమీక్షలన్నీ వీడియో ఎడిటింగ్ చుట్టూనే తిరిగాయి.

కనీసం ఐదేళ్లు వాడాలనుకుంటున్నాను. 16 జీబీ ఎయిర్‌లో లైట్‌రూమ్, ఫోటోషాప్ కలిపి వాడుతున్నవారు దయచేసి చెప్పండి: పనోరమా కలిపేటప్పుడు, నాయిస్ తగ్గించేటప్పుడు యాక్టివిటీ మానిటర్‌లో (మ్యాక్‌లోని టాస్క్ మేనేజర్ లాంటిది) మెమరీ ప్రెషర్ పచ్చగానే ఉంటోందా, మెమరీ మీద ఒత్తిడి పెరిగిందని చెప్పే పసుపులోకి వెళ్తోందా?