ఈమ్యాక్స్ ఫ్రింజ్‌లో వంకర బాణాల బదులు చుక్క పెట్టడం ఎలా?

ప్రశ్న:
రోజంతా ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే తెలుగు వ్యాసాలు టైప్ చేస్తుంటాను. పేరా మొత్తం ఒకే లైను, ఎంటర్ పేరా చివర్లోనే కొడతాను. దాంతో లైను తెరకి పట్టక మడతపడిన ప్రతిచోటా రెండు పక్కలా ఫ్రింజ్‌లో, అంటే అంచున ఉండే సన్నటి పట్టీలో, వంకర బాణాలు బారులు తీరతాయి, పెద్ద ఫైల్ తెరిస్తే కళ్ళు అక్షరాల మీద నిలవట్లేదు. అలాగని గుర్తు మొత్తం తీసేయలేను, నేను ఎంటర్ కొట్టింది ఎక్కడో, ఎడిటర్ మడిచింది ఎక్కడో తెలియాలి కదా. కుడిపక్క ఒక చిన్న చుక్క ఉంటే చాలు. ముందు చుక్క సంగతి పక్కనపెట్టి, రెడీగా ఉన్న చదరం గుర్తుతో ఫ్రింజ్ గుర్తుల జాబితా ఉండే వేరియబుల్ 'ఫ్రింజ్-ఇండికేటర్-అలిస్ట్' ని సెట్‌క్యూ అనే ఆదేశంతో మార్చి చూశాను. స్క్రాచ్ బఫర్‌లో (ఈమ్యాక్స్ తెరవగానే వచ్చే తాత్కాలిక పేజీ) చదరం వచ్చింది, వేరే ఫైల్ తెరిస్తే మళ్ళీ పాత బాణాలే. మాట విరగకుండా లైను మడిచే విజువల్-లైన్-మోడ్ పెడితే అసలు ఏ గుర్తూ రావట్లేదు. రెండు రోజుల్నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నాను, దయచేసి ఎవరైనా చెప్పండి.

జవాబు 1:
అన్నా, ఆ వేరియబుల్‌ని సెట్‌క్యూతో మారిస్తే అది ఆ బఫర్‌కి మాత్రమే సొంతమైపోతుంది, అందుకే స్క్రాచ్ దగ్గరే ఆగింది. అన్ని బఫర్లకీ వర్తించే 'సెట్‌క్యూ-డిఫాల్ట్' వాడండి. కానీ ఒక జాగ్రత్త, కంటిన్యుయేషన్ (మడత గుర్తు) ఒక్కటే రాసి మొత్తం జాబితా స్థానంలో పెట్టేయకండి, ట్రంకేషన్ (లైను తెగిన గుర్తు) లాంటి మిగతా గుర్తులన్నీ పోతాయి. పాత జాబితాని అలాగే ఉంచి దాని ముందు కంటిన్యుయేషన్‌కి మీ రెండు గుర్తుల జంటని, జాబితా ముందు చేర్చే 'కాన్స్' తో అతికించండి, ముందు కనబడినదాన్నే ఈమ్యాక్స్ తీసుకుంటుంది. జంటలో మొదటిది ఎడమ ఫ్రింజ్‌కి, రెండోది కుడి ఫ్రింజ్‌కి. మీకు కుడిపక్కే కావాలి కాబట్టి మొదటిది నిల్ (ఏమీ లేదు) పెట్టండి.

విజువల్-లైన్-మోడ్ వేరే దారి. అది 'విజువల్-లైన్-ఫ్రింజ్-ఇండికేటర్స్' ని చూస్తుంది, అందులో డిఫాల్ట్‌గా రెండు పక్కలా నిల్ ఉంటుంది, మీకు ఏమీ కనపడకపోవడానికి కారణం అదే. దాన్నీ అలాగే నిల్, మీ గుర్తు అని మార్చండి. ఇప్పటికే తెరిచి ఉన్న ఫైళ్ళలో మోడ్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాలి. తెలుగులో మాటలు పొడుగు, ఈ మోడ్ లేకపోతే 'విశ్వవిద్యాలయం' లాంటిది అంచు దగ్గర రెండు ముక్కలవుతుంది, కాబట్టి మీ పనికి ఈ మోడే సరైనది, వదులుకోకండి.

జవాబు 2:
చుక్క గీయడం నేను చెప్తాను, ఇందులో నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. 'డిఫైన్-ఫ్రింజ్-బిట్‌మ్యాప్' కి ఒక పేరు (పై జవాబులోని జాబితాలో మీ గుర్తుగా రాయాల్సింది ఇదే), అంకెల వరస ఇవ్వాలి. ఒక్కో అంకె ఒక్కో అడ్డవరస, ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టే. 1 ఉన్నచోట రంగు పడుతుంది, 0 ఉన్నచోట ఖాళీ. మామూలు వెడల్పు 8. ముందు కాగితం మీద ఇలా వేసుకోండి:

00011000
00111100
00111100
00011000

అంకెల్లో 24, 60, 60, 24. అంతే, గుండ్రటి చుక్క వచ్చేసింది. మీరు రాసిన వరసలో కుడి చివరి అంకే తెరమీదా కుడి చివర పడుతుంది, తిరగేసి రాయక్కర్లేదు. ఎత్తు మధ్యలోకి అదే సర్దుకుంటుంది.

ఫ్రింజ్‌ని ఎప్పుడైనా 4 పిక్సెళ్ళకి తగ్గించి ఉంటే 8 వెడల్పు బొమ్మ పట్టదు, మిగిలింది తెగిపోతుంది, నేను ఒక సాయంత్రమంతా అంకెల్లో తప్పు వెతికాక తెలిసింది. రంగుకి 'సెట్-ఫ్రింజ్-బిట్‌మ్యాప్-ఫేస్' ఉంది, లేత బూడిద రంగు ఫేస్ (రంగు, రూపం అమరిక) ఇవ్వండి, కంటికి హాయిగా ఉంటుంది. ఒక బొమ్మకి ఒకే రంగు, రంగురంగుల ఐకాన్లు ఇక్కడ కుదరవు. 4కే మానిటర్ అయితే 8 పిక్సెళ్ళ చుక్క చీమ తలకాయంత ఉంటుంది, వెడల్పు 16 ఇచ్చి గీయండి, ఫ్రింజ్‌నీ 16 చేయండి. బొమ్మ వెడల్పు 16 దాటి వెళ్ళదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్, చుక్క వచ్చింది! కానీ ఈమ్యాక్స్‌ని డీమన్‌గా (వెనకాల నడుస్తూ ఉండేలా) నడిపి క్లయింట్‌తో కిటికీ తెరిస్తే రావట్లేదు. గీసే కోడ్‌ని 'డిస్‌ప్లే-గ్రాఫిక్-పి' (గ్రాఫిక్ తెర ఉందా?) షరతులో పెట్టాను, టెర్మినల్‌లో ఇబ్బంది రాకూడదని.

జవాబు 3:
ఆ షరతే అడ్డం. డీమన్ లేచే సమయానికి ఇంకా కిటికీ ఏదీ లేదు, కాబట్టి ఆ ప్రశ్నకి లేదు అనే జవాబు వస్తుంది, మీ కోడ్ నడవదు. కోడ్‌ని 'సర్వర్-ఆఫ్టర్-మేక్-ఫ్రేమ్-హుక్' లో పెట్టండి, ఈమ్యాక్స్ 27 నుంచి ఉంది, క్లయింట్ కొత్త ఫ్రేమ్ (కిటికీ) తెరిచాక నడుస్తుంది. షరతు అక్కడ ఉన్నా పర్వాలేదు. టెర్మినల్‌లో ఫ్రింజే ఉండదు, మడత దగ్గర వెనక్కి వాలిన గీత పడుతుంది, దాన్ని మార్చాలంటే డిస్‌ప్లే టేబుల్‌లో (అక్షరాలు తెరమీద ఎలా కనపడాలో చెప్పే పట్టిక) 'ర్యాప్' స్లాట్ చూడండి.

ప్రశ్న అడిగినవారు:
హుక్‌లోకి మార్చాను, ఇప్పుడు క్లయింట్‌లోనూ వస్తోంది. 24, 60, 60, 24 నా తెరకి కొంచెం బరువనిపించి మధ్య వరసలు కూడా 24 చేశాను, సన్నటి నిలువు గీతలా ఉంది, ఇదే ఉంచేస్తున్నాను.