పిన్నితో కలిసి చూడ్డానికి నెమ్మదైన సినిమా ఏదైనా చెప్తారా?

మాది విజయనగరం. బాబాయి పోయి రెండేళ్లు. ఇప్పుడు పిన్ని ఆఫీసులోనే పనిచేసే ఒకాయన, ఆయనకీ భార్య లేరు, పెళ్లి చేసుకుందామని అడిగారట. పిన్ని ఔననదు, కాదనదు, సాయంత్రమైతే పెద్ద చెరువు గట్టు మీద ఒక్కర్తీ నడిచి వస్తుంది. అమ్మమ్మకేమో ఊరేమంటుందోనని ఒకటే టెన్షన్. 1892లోనే కన్యాశుల్కం ఆడిన ఊరండీ ఇది! సరే, అది వదిలేయండి.

పోయిన మనిషిని మర్చిపోకుండానే ఇంకొకరి మీద ఇష్టం కలగొచ్చని, ఏడుపులూ ఉపన్యాసాలూ లేకుండా చూపించే సినిమా కావాలి. లంచ్‌బాక్స్ (2013) చూశాం, పిన్నికి నచ్చింది, కానీ అందులో ఆవిడ భర్త బతికే ఉన్నాడు కదా. భాష ఏదైనా ఫర్వాలేదు, తెలుగైతే అమ్మమ్మనీ కూర్చోబెడతాను.