సరుగుడు, సైకస్, ఆస్పరాగస్ ఫెర్న్: ఏది ఏ గుంపు?

తోటపలకలు:
కాలేజీ తోటలో మొక్కలకు పేర్ల పలకలు రాస్తున్నాం. టెరిడోఫైటా (విత్తనాల్లేక సిద్ధబీజాలనే సన్నటి పొడితో పెరిగేవి), వివృతబీజాలు (విత్తనం బయటికే ఉండేవి), ఆవృతబీజాలు (విత్తనం పండు లోపల ఉండేవి) అని మూడు గుంపులు చేస్తే సరిపోతుందా? బోస్టన్ ఫెర్న్, ఆస్పరాగస్ ఫెర్న్, సెలాజినెల్లా ఉన్నాయి. సరుగుడుకి సూదులు, కోన్‌లు ఉన్నాయి కాబట్టి వివృతబీజం అని రాశాం. సైకస్‌కి ఇంకా కోన్ రాలేదు, ఆకు చూసి చెప్పొచ్చా?

కణుపు:
సరుగుడు పలక మార్చండి, అది పూలు పూసే చెట్టు. మీరు సూదులంటున్నవి ఆకులు కావు, సన్నటి పచ్చరెమ్మలు. ఒకటి పట్టుకు లాగితే కణుపు దగ్గర ఊడొస్తుంది. లెన్సు పెడితే కణుపు చుట్టూ పళ్లలా కనబడేవే ఆకులు. ‘కోన్’ కూడా కాయల గుత్తే; ఎండి నోళ్లు తెరిచాక రాలేది రెక్క ఉన్న కాయ. ఈ కణుపులు చూసే దానికి ఈక్విజిటిఫోలియా అని పేరు పెట్టారు, కానీ ఆ పేరుకి మూలమైన ఈక్విజిటం అనే కణుపుల మొక్కకి విత్తనమే ఉండదు.

ఆస్పరాగస్ ఫెర్న్ పేరుకే ఫెర్న్. తెల్లపూలు పూసి పండు కాస్తుంది.

ఈనెలపిచ్చి:
సైకస్‌కి ఆకు చాలు. ఒక పత్రకం (ఆకులో ఒక్కో చీలిక) తుంచి వెలుగుకి పట్టండి. మధ్య ఈనె ఒక్కటే ఉండి పక్క ఈనెలు లేకపోతే సైకస్. బోస్టన్ ఫెర్న్‌లో పక్క ఈనెలు చీలుతూ అంచువైపు పోతాయి. లేత సైకస్ పత్రకాలు ఫెర్న్‌లాగే చుట్టచుట్టుకుని ఉంటాయి, అక్కడే చాలామంది పొరబడతారు. ఆడ మొక్కకి అసలు కోనే రాదు. నడినెత్తిన ఆకుల్లాంటి వాటి అంచుల్లో అండాలు బయటికే కనిపిస్తాయి. తిరుమల కొండల సైకస్ బెడ్డోమీ కూడా అంతే.

సోరై:
సెలాజినెల్లాని ఫెర్న్‌ల పలక కింద పెట్టకండి. అది లైకోఫైట్. 2016 పీపీజీ (టెరిడోఫైటాను వర్గీకరించే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణలో లైకోఫైట్‌లు వేరు, ఫెర్న్‌లు వేరు; ఈక్విజిటం ఫెర్న్‌ల వైపే. లైకోఫైట్ ఆకులో చీలని ఈనె ఒక్కటే, సిద్ధబీజాశయం (సిద్ధబీజాల సంచి) ఆకు మొదట్లో పైవైపు ఒంటరిగా ఉంటుంది. ఫెర్న్‌లలో ఎక్కువగా ఆకు అడుగున గుంపులుగా ఉంటాయి; మచ్చల్లా కనబడే ఈ గుంపులే సోరైలు. ఆ మచ్చలను పొలుసు పురుగనుకుని మందు కొట్టేస్తుంటారు. వరుసలో సమదూరంగా ఉంటే సోరైలు. ఎక్కడపడితే అక్కడ, కాడ మీద కూడా ఉండి గోటికి ఊడొస్తే పురుగు. తేలకపోతే గోధుమరంగుకి తిరిగిన ఆకుముక్కను తెల్లకాగితం మీద బోర్లించి, ఫ్యాన్ ఆపి, రెండు రోజులు ఆగండి. సన్నటి పొడి రాలితే సిద్ధబీజాలే. బోస్టన్ ఫెర్న్ గొడ్డు రకం, దానితో ఈ పరీక్ష పెట్టుకోవద్దు.

తోటపలకలు:
దారువులో (నీరు మోసే కణజాలం) నాళాలు ఉంటే ఆవృతబీజం అని పలక మీద రాయొచ్చా?

ఈనెలపిచ్చి:
వద్దు. వివృతబీజమైన నీటంలో ఉన్నాయి, మీ సెలాజినెల్లాలోనూ ఉన్నాయి. విత్తనం పండు లోపల ఏర్పడుతుంది అని రాయండి.