సొంత పాటల సాయంత్రంలో సినిమా పాట అడగడం తప్పా?

మూడో వరుస:
మొన్న శనివారం తిరుపతిలో ఒక క్లబ్బు వారు సొంత పాటల సాయంత్రం పెట్టారు. ముగ్గురు యువకులు, గిటార్లు, వాళ్లే రాసి బాణీ కట్టుకున్న తెలుగు పాటలు. టికెట్ 300. మా పక్క కుర్చీ పెద్దాయన రెండో గాయకుణ్ణి ఒక పాత సినిమా పాట అడిగారు. ‘ఈ రోజు నావి మాత్రమే’ అన్నాడు. సగం హాలు లేచిపోయింది. ఒక్క పాట పాడితే అతని సొమ్మేం పోయింది? పైగా పాటకూ పాటకూ నడుమ గిటారు శ్రుతి చేసుకుంటూ కూర్చున్నాడు. ఆ పని ఇంట్లో చేసుకుని రాకూడదా?

తంబుర:
నేనూ అక్కడే ఉన్నాను. లేచింది సగం హాలు కాదు, పాప ఏడుస్తోందని ఒక కుటుంబం. ఏసీ గాలికి తీగల శ్రుతి మారుతుంది. అతను ఒక్కో పాటకు వేరే శ్రుతి అమర్చుకుంటున్నాడు కూడా. కచేరీలో మృదంగం శ్రుతి చేస్తుంటే భక్తిగా చూస్తారు, గిటారు అయ్యేసరికి గడియారం చూస్తారు.

అలిపిరి గాలి:
ఇంతకీ పాటలు బాగున్నాయా?

మూడో వరుస:
ఆ కచేరీలు ఉచితం. తిరుమలలో నాదనీరాజనం కచేరీల వేదిక ముందు ఎంతసేపు కూర్చున్నా రూపాయి అడగరు. ఇక్కడ 300 ఇచ్చాను కాబట్టి అడిగే హక్కు ఉంది.

పాత రికార్డు:
సినిమా పాటలు పాడించాలంటే క్లబ్బు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంఘం) లైసెన్సు తీసుకోవాలి. అది ఉందో లేదో ముందు కనుక్కోండి.

తంబుర:
డబ్బిచ్చి కొన్నది కుర్చీని, గాయకుణ్ణి కాదు. నేను ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నదాన్ని. ఒక పెళ్లి విందులో నా పాట పల్లవి దాటకముందే పెళ్లికొడుకు మేనమామ మైకు లాక్కుని ‘హుషారైనది పాడమ్మా’ అన్నాడు. పాడాను. భోజనం పెట్టి పంపారు, ఒప్పుకున్న డబ్బు ఇప్పటికీ రాలేదు. ఈ ఊళ్లోవాళ్లకు అన్నమయ్య కథ నేను చెప్పాలా? సాళువ నరసింహరాయలు తన మీద శృంగార పదం చెప్పమంటే కాదన్నాడని, సంకెళ్లు వేసినా చెప్పలేదని మనవడు చిన్నన్న రాశాడు.

మూడో వరుస:
మేనమామ చేసినదానికి నేను బాధ్యుణ్ణా? అన్నమయ్య దేవుడి కోసం కాదన్నాడు. ఈ అబ్బాయి ఎవరి కోసం? ఆయన పాటలు ఊరంతటికీ వచ్చు, ఇతనివి ఇతనికే వచ్చు.

తంబుర:
ఊరంతటికీ ఎప్పుడు వచ్చాయి? ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాల పాటు కొండమీద అరలో పడి ఉన్నాయి. వాటి మీద రాగం పేరు ఉంది, బాణీ లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు స్వరపరిచాకే వాటిలో చాలావరకు మన నోటికి వచ్చాయి. ఆ రోజు ముందు వరుసలో మీరుంటే ‘తెలిసినది పాడండి’ అనేవారు!

అలిపిరి గాలి:
పాటల సంగతి అడిగాను. పోనీలెండి.

మూడో వరుస:
అమ్మా, నా సంగీతజ్ఞానాన్ని కొలవకండి. మా వాడు బీటెక్ మూడో ఏడు. గదిలో తలుపు వేసుకుని ఇవే పాటలు కడుతున్నాడు, పరీక్షలు రాయనంటున్నాడు. ఎంతమంది వస్తారో, ఎంత గౌరవం ఉంటుందో కళ్లతో చూద్దామనే ఆ హాలుకు వెళ్లాను. అడిగిన పాట కూడా పాడనివాడు ఏం తిని బతుకుతాడు?

తంబుర:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే గిటారు శ్రుతి మీద ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. అడిగినవన్నీ పాడిన నేను ఏం తిని బతుకుతున్నానో తెలుసా? పగలు ట్యూషన్లు. అతను రాసినదానికి హక్కులైనా అతనివి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమాకు రాసిచ్చిన పాటకు కూడా రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ వాటా ఉంది. పెళ్లిలో పాడిన నాకు ఆ రాత్రి కూలి, అదీ ఇస్తే.

మూడో వరుస:
హక్కు పత్రం చూపిస్తే ఇంటి యజమాని అద్దె వదిలేస్తాడా?

కుర్చీలు సర్దినవాణ్ణి:
నిర్వాహకుల తరఫున ఒక మాట. టికెట్ల డబ్బులో ముందు హాలు అద్దె, తరువాత సౌండు సిస్టం. మిగిలినది ముగ్గురూ పంచుకున్నారు. ఒకరు చిత్తూరు నుంచి వచ్చారు, బస్సు ఛార్జీలు వేరుగా ఇచ్చాం.

తంబుర:
అంటే సౌండు సిస్టం అద్దె ఖాయం, పాడినవాడిది మిగిలితేనే. దీని మీద కదా మనం పోట్లాడాల్సింది!

మూడో వరుస:
మనిషికి ఎంత వచ్చింది?

కుర్చీలు సర్దినవాణ్ణి:
ఆ అంకె ఇక్కడ రాయడం వాళ్లకు ఇష్టం ఉండదండీ.

మూడో వరుస:
సరే, అర్థమైంది. మా వాడికి ఈ చర్చ మొత్తం పంపిస్తున్నాను.