శనివారం సాయంత్రం ఎలా దాటాలి?

అందరికీ వందనాలు. మాది పలాస, జీడి ఫ్యాక్టరీలో పని. తాగుడు మాని మూడు నెలలైంది. పాపసంకీర్తనం చేశాక, అంటే నా పాపాలు చెప్పి ఒప్పుకున్నాక, ఫాదర్‌గారు రోజూ జపమాల చెప్పుకోమన్నారు, చెప్పుకుంటున్నాను. జీడి సొన అంటిన వేళ్లకి పూసలు కూడా నల్లబడ్డాయి.

మిగతా రోజులు పర్వాలేదు. శనివారం కూలి డబ్బులు చేతిలో పడితేనే గొడవ. ఆరోజు జపమాలలో సంతోష దేవరహస్యాలు, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని సంతోష ఘట్టాలు తలుచుకోవాలి కదా, వాటిలో రెండోది, మరియమ్మ ఎలిజబెతమ్మ ఇంటికి బయల్దేరేది, పూర్తవకుండానే నా కాళ్లు వైన్ షాపు వైపు బయల్దేరతాయి! పరలోక జపంలో శోధనలో, అంటే పాపపు ఆశలో, పడనివ్వొద్దనే మాట అంటూనే అటు నడుస్తున్నానంటే సిగ్గేస్తోంది. మొన్న మా ఆవిడ ఎదురొచ్చి డబ్బులు లాక్కుంది కాబట్టి సరిపోయింది.

దారిలో నడుస్తూ చెప్పుకోడానికి చిన్న జపం ఏదైనా ఉందా? మానేసినవాళ్లు ఆ గంట ఎలా గడిపారో కాస్త చెప్పండి.