ఎల్‌ఈడీ లైటు కింద సీరం రాయొచ్చా, రాయకూడదా?

ఉక్కునగరం అమ్మాయి:
మాఘమాసంలో మా ఇంట్లో పెళ్లి. సిరిపురం వైపు ఒక సెలూన్‌లో ఎల్‌ఈడీ ఫేషియల్ ప్యాకేజీ అడిగి వచ్చాను. ముందు విటమిన్ సి సీరం, దాని మీద రెటినాల్ (విటమిన్ ఎ రకం సీరం), ఆ పైన నీలం లైటు అరగంట. “లైటు పడితే సీరం లోపలికి దిగిపోతుంది మేడమ్, డబుల్ రిజల్ట్” అన్నారు. ఫార్మసీ చదివిన మా అన్నయ్యేమో రెటినాల్ మీద ఏ లైటు పడినా అది పాడైపోతుంది, డబ్బు దండగ అంటున్నాడు. నాకు గడ్డం మీద మొటిమలు, బుగ్గల మీద కాస్త మంగు ఉన్నాయి. ఇంతకీ ఈ రెండూ కలపొచ్చా?

గాజువాక పార్లర్:
పార్లర్ నడిపేదాన్ని కాబట్టి నా మాట కూడా వినండి. మెషీన్ పెట్టే ముందు నేను పల్చగా, తేమ పట్టి ఉంచే హైలురానిక్ జెల్ రాస్తాను. ఏసీ గదిలో అంతసేపు పడుకుంటే ముఖం లాగేసినట్టు ఉంటుంది, జెల్ ఉంటే ఆ బాధ ఉండదు. ఇన్నేళ్లలో ఎవరూ కంప్లైంట్ చేయలేదు. గ్లైకాలిక్ పీల్ (ఆమ్లంతో చర్మం పైపొర ఊడదీయడం) చేసిన రోజు నేను కూడా లైటు జోలికి వెళ్లను. కలపకూడదు అనేవాళ్లు దేన్ని కలపకూడదో కూడా చెప్పాలి కదా. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఏయూ బయోకెమిస్ట్రీ:
అన్నయ్య చెప్పింది సగం నిజం. ఏ పదార్థమైనా లైటుకి పాడవ్వాలంటే ముందు ఆ లైటుని పీల్చుకోవాలి. లైటు రంగుని నానోమీటర్లలో కొలుస్తారు. రెటినాల్ ఎక్కువగా పీల్చుకునేది 325 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను. అదే కుటుంబంలోది, మొటిమలకి డాక్టర్లు రాసే ట్రెటినాయిన్ 350 దగ్గర ఎక్కువగా పీల్చుకుంటుంది, అక్కడి నుంచి తగ్గుతూ నీలం అంచుల దాకా వస్తుంది. ముఖానికి పెట్టే ఎల్‌ఈడీ మాస్కుల్లో ఎర్ర లైటు 630 నుంచి 660 వరకు ఉంటుంది. అది రెటినాల్‌ని ఏమీ చేయదు. నీలం 415 దగ్గర ఉంటుంది కాబట్టి ట్రెటినాయిన్ రాసుకుని దాని కింద కూర్చోవడం మంచిది కాదు. దానికి ఇంకో మొటిమల మందు బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా తోడైతే వెలుతురులో ట్రెటినాయిన్ ఇంకా త్వరగా విరిగిపోతుంది. ట్రెటినాయిన్ లాంటిదే అయిన అడాపలీన్‌కి ఆ సమస్య లేదు.

సెలూన్‌వాళ్ల మాట మాత్రం శుద్ధ తప్పు. లైటు సీరంని లోపలికి తోయదు. సన్నటి కరెంటుతో తోసే పద్ధతి ఒకటుంది, అయాంటోఫోరెసిస్ అంటారు. ఆ మెషీన్ వేరు, ఈ దీపం వేరు. ఇక విటమిన్ సి సంగతి. దానికి గాలి, వేడి రెండూ పడవు. మన ఊరి ఉక్కలో సీసా గోధుమ రంగుకి తిరిగాక ఏ లైటు పెట్టినా ప్రయోజనం లేదు.

మద్దిలపాలెం మావయ్య:
ఏటండీ ఈ గొడవంతా! మాస్కులు అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించే పరిశోధన 2000 లో బ్రిటన్‌లో 107 మంది మొటిమల పేషెంట్ల మీద చేసింది. నీలం, ఎరుపు కలిపిన లైటు వాడినవాళ్లకి 12 వారాల్లో వాపు మొటిమలు 76 శాతం తగ్గాయి. బావుంది, కాదనను. కానీ అందులో 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము ఇచ్చింది వేరే గుంపుకి. లైటునీ క్రీమునీ పోటీకి పెట్టారు తప్ప కలపలేదు. “కలిపితే డబుల్” అన్న లెక్క అందులోంచి ఎలా తీశారో ఆ సెలూన్‌వాళ్లే చెప్పాలి.

ఇంకో సంగతి. ఆ పరిశోధనలోని పేషెంట్లు ఇంట్లోనే దీపం పెట్టుకుని రోజూ వాడారు. పెళ్లికి ముందు నెలకొకసారి వెళ్లి పడుకుంటే వచ్చేది ఫోటో మాత్రమే. మెడికల్ షాపులో దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్ ట్యూబు ధర ఎంత, ఈ ప్యాకేజీ ధర ఎంత?

స్కిన్ ఓపీ సిస్టర్:
అందరూ సీరం పాడవుతుందా లేదా అనే మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి మంగు ఉందని మొదటి పోస్టులోనే రాసింది, ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో అసలు సమస్య అదే.

నీలం లైటులో ఎండలోని అతినీలలోహిత కిరణాలు లేవు కాబట్టి నల్లబడరు అని చాలామంది అనుకుంటారు. మనలాంటి చామనఛాయ చర్మానికి అది వర్తించదు. 2014 లో వచ్చిన ఒక పరిశోధనలో 415 నానోమీటర్ల లైటునీ 630 ఎర్ర లైటునీ పక్కపక్కన పోల్చి చూశారు. ఎరుపు వల్ల రంగు మారలేదు. 415 పడిన చోట మాత్రం నల్లబడింది, ఆ నలుపు మూడు నెలల దాకా ఉంది. అందుకే మంగుకి డాక్టర్లు మామూలు సన్‌స్క్రీన్‌తో ఆగకుండా ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేతరంగు సన్‌స్క్రీన్ రాస్తారు. కనపడే వెలుతురులో నీలం భాగాన్ని ఆపేది ఆ రంగే. బుగ్గల మీద మంగు పెట్టుకుని అరగంట నీలం లైటు కింద పడుకుంటే మొటిమ తగ్గొచ్చు, మచ్చ ముదరొచ్చు.

ఇంకోటి, ముఖానికి రాసే వాటి కంటే మింగే మాత్రలు ముఖ్యం. మొటిమలకి డాక్సీసైక్లిన్ గానీ ఐసోట్రెటినాయిన్ గానీ వాడుతుంటే చర్మానికి ఎండ పడదు. లైటు పెట్టించుకునే ముందు ఆ మాట డాక్టరుకి చెప్పి తీరాలి. ఏ సెలూన్‌లో అయినా “మీరేం మాత్రలు వాడుతున్నారు” అని అడిగారా?

ఓపీలో నేను ఎక్కువగా చూసేది ఇంకో రకం. పక్కింటివాళ్లు చెప్పారని స్టెరాయిడ్ కలిసిన తెల్లదనం క్రీము నెలల తరబడి రాస్తారు. చర్మం పల్చబడి ఎర్రగా మండుతుంటే, దాని మీద రెటినాల్, ఆ పైన లైటు. ఆ క్రీముల్లో చాలావాటిని 2018 లో షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పేరు చెప్తే చేతిలో పెట్టే కొట్లు ఉన్నాయి. అలాంటి ముఖానికి ముందు ఆ క్రీము సంగతి తేలాలి, మాస్కు తరువాత. మానేయడం కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగా చేయాలి.

గాజువాక పార్లర్:
సిస్టర్ గారూ, నీలం లైటుతో మొటిమలు తగ్గినవాళ్లని నేను కళ్లారా చూశాను. అది కూడా అబద్ధమేనా?

స్కిన్ ఓపీ సిస్టర్:
అబద్ధం కాదమ్మా. మొటిమల్లో ఉండే బ్యాక్టీరియా పోర్ఫిరిన్లు అనే పదార్థాలు తయారుచేసుకుంటుంది. నీలం లైటుని అవి పీల్చుకుని ఆ బ్యాక్టీరియానే చంపేస్తాయి. మంగు లేనివాళ్లకి, మొటిమ తగ్గాక నల్ల మచ్చ మిగలనివాళ్లకి వాడితే నాకు అభ్యంతరం లేదు. మన దగ్గర అలా మచ్చ మిగలనివాళ్లు ఎంతమంది ఉంటారో పార్లర్‌లో మీరే చూస్తుంటారు.

గాజువాక పార్లర్:
అది నిజమే. మచ్చల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. కానీ అలాంటివాళ్లకి ఎరుపు ఒక్కటే పెడతాను, మెషీన్‌లో మార్చుకోవచ్చు. జెల్ మాత్రం మానను.

ఏయూ బయోకెమిస్ట్రీ:
జెల్‌తో గొడవ లేదండీ, నీళ్లలా పారదర్శకంగా ఉంటే లైటుని ఆపదు. జింకు, టైటానియం ఉన్న సన్‌స్క్రీనో ఫౌండేషనో ముఖాన ఉంటే మాత్రం లైటు చాలావరకు అక్కడే చెదిరిపోతుంది.

మావయ్యగారికి ఒక జవాబు బాకీ ఉంది. మందునీ లైటునీ కావాలనే కలిపే వైద్యం ఒకటుంది, ఫోటోడైనమిక్ థెరపీ. ఎండ దెబ్బకి చర్మం మీద వచ్చే, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న గరుకు మచ్చలకి అమెరికాలో 1999 లోనే అనుమతి వచ్చింది. అమైనోలెవులినిక్ ఆమ్లం రాసి, గంటల తరబడి ఆగి, నీలం లైటు వేస్తారు. చర్మ కణాల్లోనే పోర్ఫిరిన్ తయారై, లైటు పడగానే పాడైన కణాలు చచ్చిపోతాయి. అక్కడ కలయిక నిజంగా పనిచేస్తుంది. పనిచేస్తుంది కాబట్టే మంట, వాపు, పొలుసులు ఊడడం ఉంటాయి, దాదాపు రెండు రోజులు ఎండ తగలకూడదు. కలిపితే నిజంగా డబుల్ అయ్యే పదార్థమైతే ఫేషియల్ గదిలో ఉండాల్సింది కాదు. ఫేషియల్ గదిలో ఉంచదగ్గదైతే డబుల్ అవ్వదు.

మద్దిలపాలెం మావయ్య:
ఇది ఒప్పుకుంటాను. అయితే ఎర్ర లైటుతో ముడతలు పోతాయన్నది కూడా కొంచెం ఓవరే. కొద్దిగా తగ్గుతాయంటే నమ్ముతాను, అదీ నెలల తరబడి వాడితే. కళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2019 లో న్యూట్రోజీనా కంపెనీ తన మొటిమల లైటు మాస్కుని కళ్లకి ప్రమాదం ఉండొచ్చన్న కారణంతో తనే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని మాస్కు కొని కళ్లు తెరుచుకుని టీవీ చూడకండి.

ఉక్కునగరం అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్ అండీ. సెలూన్‌కి ఫోన్ చేసి నీలం లైటు ఎన్ని నానోమీటర్లు అని అడిగాను. “మేడమ్, ఇది ఇంపోర్టెడ్” అన్నారు. ప్యాకేజీ వద్దన్నాను. గాజువాక అక్కా, మీ దగ్గరికి వస్తే శుభ్రంగా కడుక్కున్న ముఖం మీద ఎరుపు ఒక్కటే పెట్టండి, కావాలంటే మీ జెల్‌తో. విటమిన్ సి పొద్దున సన్‌స్క్రీన్ కింద, అడాపలీన్ రాత్రి పడుకునే ముందు ఇంట్లోనే రాసుకుంటాను. సిస్టర్ గారూ, పెళ్లికూతురు మా చెల్లి డాక్సీసైక్లిన్ వాడుతోంది, తనూ నాతో వస్తానంటోంది. ఎరుపు ఒక్కటే అయినా కోర్సు అయ్యేదాకా ఆగమనాలా?

స్కిన్ ఓపీ సిస్టర్:
ఆ మందుతో అసలు ఇబ్బంది అతినీలలోహిత కిరణాలతో, ఎరుపుతో కాదు. కానీ మాత్రలు రాసిన డాక్టరుని ఒక మాట అడగకుండా పెట్టించొద్దు, పెళ్లి ముందు ముఖంతో ప్రయోగాలెందుకు? పైగా తను ఎండలో షాపింగ్‌కి తిరిగేటప్పుడు గొడుగు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. తనకి లైటు కంటే జగదాంబ దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండే ఎక్కువ డేంజర్.